మాధవి పువ్వుకు ఒక్కటే పసుపు రేకు

మద్దికొండ అడవిలో ఉన్నది ఒకటే నీటి చెలమ. ఎండలు ముదిరితే దాని పక్కనున్న కలివి పొద ఒక్కటే చల్లని చోటు. ఆ ఏడు మొదట పూసిన మాధవి పువ్వును గుర్తుపట్టి తెచ్చినవాళ్ళకే వేసవంతా ఆ పొద. పువ్వు తెలిసినవాళ్ళకే అడవి తెలుస్తుందని అక్కడి పెద్దల మాట.

కుందేలు చెవులమ్మకు నిరుడు ఆ పొద దక్కలేదు. బయలుకు అడ్డంపడి నీళ్ళకు పోతుంటే ఇద్దరు పిల్లల్ని డేగ తన్నుకుపోయింది. ఈ ఏడు మళ్ళీ ముగ్గురు పిల్లలు.

"ఈసారి ఆ పొద నాదే" అనుకుంది. ఎవరితోనూ అనలేదు. మాధవి తీగవి మూడు రెక్కల ఎండు గింజలు కింద రాలివున్న మద్దిచెట్టును చూసి పెట్టుకుంది. చెట్టుకు అల్లుకున్న ఆ తీగ కింద రోజూ తెల్లారేసరికి వాలేది. ఇంకా మొగ్గలే.

ఒకనాడు తిరిగొస్తుంటే నక్క తోకయ్య దారికి అడ్డంగా కూర్చున్నాడు.

"ఏం కోడలా, పొద్దున్నే షికారా? ఆ మాధవి పువ్వు ఎట్టా ఉంటుందో చెప్పిపో."

"నాకేం తెలుసు మామా."

"నీ పిల్లలు ఏ పుట్ట వెనక ఉన్నారో నాకు తెలుసులే."

చెవులమ్మ పుట్టవైపు చూపు పోనివ్వకుండా చెప్పింది. "తెల్లగా ఉంటుంది. అయిదు రేకులు. పసుపు కూడా ఉంటుంది."

"అంతేనా! దీనికింత దాపరికమా?"

తోకయ్యకు కొండెక్కే ఓపిక లేదు. దగ్గర్లోని అడవిమల్లె కోశాడు. ఎనిమిది రేకుల్లో మూడు పీకేశాడు. అడవిపసుపు కొమ్ము తవ్వి, నమిలి, అయిదింటికీ దిట్టంగా పూశాడు. కొంచెం ఉంటేనే గొప్పయితే, నిండా ఉంటే ఇంకెంత గొప్ప!

పొద ఎవరిదో తేల్చే అడవిదున్న పెద్దయ్య ముందు పువ్వు పెట్టాడు. జంతువులన్నీ మూగాయి.

"పసుపుంది, అయిదు రేకులున్నాయి" అన్నాడు పెద్దయ్య నెమరు ఆపి. "ఎవరైనా కాదంటారా?"

నలుగురిలో ఎన్నడూ నోరెత్తని చెవులమ్మ ముందుకొచ్చింది.

"పెద్దయ్యా, మాధవికి ఒక్క రేకుకే పసుపు. అంచులు కుచ్చుల్లా ఉంటాయి. దాన్ని ఒక్కసారి నీళ్ళలో ముంచండి."

పెద్దయ్య ముంచాడు. పసుపంతా నీళ్ళలో కరిగిపోయింది. ఉత్త మల్లె తేలింది.

"నువ్వే కదే పసుపన్నావు!" అని అరిచాడు తోకయ్య.

"అన్నాను మామా. ఎన్ని రేకులకని నువ్వడగలేదు, నేను చెప్పలేదు."

కొమ్మమీది గోరింక పకపకా నవ్వింది. "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది! మూతికి పసుపు, చేతులకు పసుపు... మామను పెళ్ళికొడుకును చేశారర్రా! పెళ్ళికూతురేదీ?"

తోకయ్య తోక ముడిచి గట్టు దాటాడు.

"పువ్వు మాత్రం ఇంకా రాలేదు కదమ్మా" అన్నాడు పెద్దయ్య.

"వస్తుంది పెద్దయ్యా. తెస్తాను."

మర్నాడు పువ్వు రాలలేదు. ఆ మర్నాడూ రాలలేదు. మూడోనాడు తెల్లారి, మంచుకు తడిసిన ఒక పువ్వు ఆమె ముందు పడింది. నాలుగు తెల్ల రేకులు, ఒక్క పసుపు రేకు. నోట కరుచుకుని, ముగ్గురు పిల్లల్ని వెంటపెట్టుకుని, పెద్దయ్యకు చూపించి, అక్కణ్ణుంచి సరాసరి కలివి పొదకు నడిచింది.

బెదిరించి లాక్కున్న తెలివి సగమే వస్తుంది, కాచుకుని చూసిన తెలివే కడదాకా నిలుస్తుంది.