ఒక నౌక, నలుగురు పైలట్లు, ఏడు టీలు

కౌండిన్య కట్టిన వారధి పని మొదలుపెట్టిన పదిహేడో రోజున, ఒకే నౌక మీదికి నలుగురు పైలట్లు ఎక్కారు.

రేవులో పైలట్ పని వేరు. బయటి సముద్రంలో ఆగిన నౌక దగ్గరికి పడవలో వెళ్లి, తాడు నిచ్చెన పట్టుకొని పైకెక్కి, ఇసుక మేటలు ఎక్కడున్నాయో, రాళ్లు ఎక్కడున్నాయో ఆ నౌక కెప్టెనుకు చెబుతూ లోపలికి తీసుకువస్తాడు. ఒక నౌకకు ఒక పైలట్ చాలు. మరీ పొడవైనదైతే ఇద్దరు. ఆనాడు వచ్చింది ఎరువుల బస్తాలు మోసే ఒక మధ్యరకం నౌక. మొదటి పైలట్ ఎక్కి కెప్టెనుకు నమస్కారం పెట్టేసరికి రెండోవాడి తల నిచ్చెన మీద కనిపించింది. మూడోవాడు ఎక్కి నాలుగోవాడికి చెయ్యి అందించాడు. నలుగురిలో ఎవరు సీనియరన్న చర్చ అరగంట సాగింది. ఆ చర్చలో ఒక్క ముక్కా అర్థంకాని విదేశీ కెప్టెన్ తనకు తానే ఒక నిర్ణయానికి వచ్చాడు. నలుగురు దారి చూపితే తప్ప చేరలేని రేవు ఎంత భయంకరమైనదో అనుకొని లంగరు దింపి, లోపలికి రానని తేల్చి చెప్పాడు. ఈలోగా మరో మూడు నౌకలు పైలట్లు లేక బయటే నిలబడిపోయాయి.

హార్బర్ మాస్టర్ కెప్టెన్ రొంగలి అరిచే మనిషి కాడు. కౌండిన్యను పిలిచి, మధ్యాహ్నం మూడు గంటలకల్లా కారణం చెప్పమన్నాడు. చెప్పలేకపోతే మూడున్నరకు వారధిని ఆపేసి, మళ్లీ ఫోన్లకూ కాగితాలకూ మళ్లుతామన్నాడు. మూడున్నర తర్వాత కౌండిన్య ఏం చేయాలో ఆయన చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

ఆ రేవులో ఏ నౌకకు ఏ పైలట్, ఏ గంటకు అన్న లెక్కంతా చూసేది ముప్పై నాలుగేళ్ల నాటి ఒక మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. అది పెట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదని రేవులో అందరూ చెబుతారు. లాగ్‌బుక్ తిరగేస్తే మూడుసార్లు ఆగినట్లు ఉంది: రెండుసార్లు తుఫానుకు, ఒకసారి ముంగిసకు. నౌకల ఏజెంట్లు తమ ఫోన్లలోంచే పైలట్‌ను కోరుకునే వీలు కల్పించడం, ఆ కోరికను వెబ్ సర్వీసు ద్వారా ఈ పాత యంత్రానికి చేర్చి, దాని జవాబును తిరిగి ఫోనుకు అందించడం కౌండిన్య పని. తాను కట్టినదానికి వారధి అని పేరు కూడా అతనే పెట్టుకున్నాడు. ఒక ఒడ్డున ఇరవై ఒకటో శతాబ్దం, రెండో ఒడ్డున ఒక శిథిలం అని స్నేహితులతో అనేవాడు.

ఆ శిథిలంలోని ప్రోగ్రాములు చదవగలిగిన మనిషి ఒక్కడే మిగిలాడు. ఖుద్దూస్ సాహెబ్ రిటైరై పదకొండేళ్లయింది. ఆయన వెళ్లిన నాలుగో నెలలోనే రేవు ఆయన్ని వెనక్కి పిలుచుకుంది. అందరూ ఉస్తాద్ అంటారు. కౌండిన్యను ఆయన దగ్గర శిష్యరికానికి పెట్టారు. అతని దృష్టిలో అది ఒక లాంఛనం.

యంత్రం గదిలోకి చెప్పులతో ఎవరూ వెళ్లరు. ఈ ఆచారం దుమ్ము భయంతో మొదలైంది. దుమ్మును ఆపే తలుపులు వచ్చి ఇరవై ఏళ్లయినా ఆచారం మాత్రం మిగిలింది. చాలా ఆచారాల చరిత్ర ఇంతే. ఆ రోజు రెండు గంటలకు కౌండిన్య బూట్లు విప్పి, పదకొండు పేజీల నివేదిక చేతపట్టుకొని లోపలికి వచ్చాడు.

తప్పంతా యంత్రానిదేనని ఆ నివేదిక సారాంశం. జరిగిందేమిటో అందులో నిజాయితీగానే ఉంది. ఏజెంటు ఒక్కసారే బటన్ నొక్కాడు. ఆ క్షణాన పాత యంత్రం వేరే పనిలో ఉండి పదకొండు సెకన్లు పలకలేదు. వారధి మూడు సెకన్లు చూసి, జవాబు రాకపోయేసరికి మళ్లీ అడిగింది. మరో మూడు సెకన్లకు మళ్లీ. ఆ తర్వాత ఇంకోసారి. యంత్రం తీరిక చేసుకొని నాలుగు కోరికలకూ నలుగురు పైలట్లను పంపింది. ఒకే నౌక, ఒకే గంట అని గమనించే పాటి తెలివి దానికి లేదని కౌండిన్య రాశాడు. పైగా పద్నాలుగు లోపాలను వరుసగా చూపాడు. పద్నాలుగోది ఇది: పచ్చటి తెర మీద కుడివైపు పైమూలన, ఎందుకో ఎవరికీ తెలియని ఎనిమిది అంకెల గడి ఒకటుంది. దాన్ని ఖాళీగా వదిలితే యంత్రం ఒప్పుకోదు. ఒకసారి వేసిన అంకెనే మళ్లీ వేస్తే, ముసలివాళ్లు చెప్పిందే చెప్పినట్లు, అంతకుముందు ఇచ్చిన జవాబునే మళ్లీ అప్పజెబుతుంది. అందువల్ల అడిగిన ప్రతిసారీ కొత్త అంకె వేసేలా వారధిని తీర్చిదిద్దాల్సి వచ్చింది.

శిష్యరికం మొదటి రోజున ఆ గడి ఎందుకని కౌండిన్య ఉస్తాద్‌ను అడగకపోలేదు. అయితే ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేముందు కళ్లద్దాలు తీసి, జేబురుమాలుతో ఒక్కొక్క అద్దాన్నీ తుడుచుకోవడం ఉస్తాద్‌కు అలవాటు. ఆ గడి సంగతి అప్పుడే తేలకుండా పోయింది.

ఉస్తాద్ నివేదికను చివరిదాకా చదివాడు. పద్నాలుగో లోపం దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాడు.

"మూడింటికి ఇది చదివితే యంత్రాన్ని ఆపేస్తారు కదా?" అన్నాడు.

"ఏదో ఒకటి ఆగాలి ఉస్తాద్. అది గానీ, నేను గానీ."

ఉస్తాద్ కళ్లద్దాలు తీశాడు. తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "ముందు టీ చెప్పు బేటా," అన్నాడు.

క్యాంటీన్ రెండంతస్తుల కింద, క్రేన్ల పక్కన ఉంది. ఆ మోతలో కేక వేసినా వినిపించదు. అందుకని కిటికీ దగ్గర గిలక, తాడు, తాడుకు ఒక వెదురు బుట్ట ఏర్పాటు చేశారు. కావలసింది చీటీ మీద రాసి, మూలన ఒక అంకె వేసి, బుట్టలో పెట్టి దింపాలి. కింద కోరాడ నరసమ్మ చీటీ తీసుకుంటుంది. బదులు చెప్పదు, తలెత్తి చూడదు. టీ అయినప్పుడు బుట్ట బరువెక్కుతుంది. అంతవరకు పైవాళ్లకు ఏమీ తెలియదు.

కౌండిన్య 'ఒక టీ, యంత్రం గది' అని రాసి, మూలన ఒకటి వేసి దింపాడు. బుట్ట ఖాళీగా తిరిగివచ్చింది. రెండు గంటల పది నిమిషాలైంది.

"వచ్చిందా?" అన్నాడు ఉస్తాద్, కాసేపాగి.

రాలేదు. మొదటి చీటీ గాలికి ఎగిరిపోయిందేమోనని కౌండిన్య మరొకటి రాశాడు. పద్ధతి గల మనిషి కాబట్టి మూలన రెండు వేశాడు.

ఉస్తాద్ మళ్లీ అదే మాట అడిగాడు. మూడో చీటీ దిగింది. కౌండిన్య గడియారం చూశాడు, నివేదిక చూశాడు, కిటికీలోంచి చూశాడు. కింద రేకుల కప్పు తప్ప ఏమీ కనిపించలేదు. టీ కాచడం రాని మనిషికి క్యాంటీన్ ఇవ్వడం ఈ రేవులోనే సాధ్యమని గొణుక్కుంటూ నాలుగు, అయిదు, ఆరు చీటీలు దింపాడు.

రెండూ ఇరవై రెండుకు బుట్ట బరువెక్కింది. పైకి లాగితే మూడు టీలున్నాయి. బుట్ట మళ్లీ దిగి, మరో మూడింటితో పైకి వచ్చింది. ఆ గదిలో ఆరు కప్పులు పెట్టేంత ఖాళీ బల్ల లేదు. ఉస్తాద్ నివేదికను బల్ల మీద పరిచి, ఆరు కప్పులనూ ఒద్దికగా దాని మీద పేర్చాడు.

ఈ కథ ఇప్పుడు రేవులో చెప్పేవాళ్లు నలభై కప్పులంటారు. కొందరు టీ మెట్ల మీదుగా కిందికి కారిందని కూడా కలుపుతారు. నరసమ్మ ఇనుప ఊచకు గుచ్చిన చీటీలను లెక్కపెట్టిన వాళ్లున్నారు. కౌండిన్య రాసినవి ఆరే.

"నేను అడిగింది ఒక్కటే కదా ఉస్తాద్. ఇద్దరున్న గదికి ఆరెందుకని ఆవిడకు తెలియొద్దా?"

"పోయిన మంగళవారం ఈ గదిలోనే పదిమందికి మీటింగ్ అయింది. అప్పుడు పదీ ఆవిడే పంపింది. మాకు తెలివితక్కువని అనుకోలేదు." ఉస్తాద్ ఒక కప్పు అందుకున్నాడు. "మిగతావి నువ్వు తాగాలి. అడిగింది నువ్వే."

కౌండిన్య తాగాడు. పెద్దవాళ్లు పెట్టినదాన్ని వదలకూడదన్న పెంపకం అతనిది. నాలుగో కప్పుకు చెమట పట్టింది. అయిదోది తాగుతూ ఉండగా ఉస్తాద్ లేచి, తానే ఒక చీటీ రాశాడు. ఒక టీ, యంత్రం గది, మూలన ఏడు. బుట్టలో పెట్టి దింపాడు.

"మళ్లీనా?" అన్నాడు కౌండిన్య, నీరసంగా.

ఉస్తాద్ వినిపించుకోలేదు. నిమిషం ఆగి మరో చీటీ రాశాడు. దాని మీద కూడా ఏడే వేశాడు. ఇంకో నిమిషానికి ఇంకొకటి, ఆ తర్వాత నాలుగోది. నాలుగింటి మీదా ఏడే. కౌండిన్య కడుపు పట్టుకొని లెక్కపెడుతూ కూర్చున్నాడు. రాబోయే నాలుగు కప్పులూ తన వాటాకే వస్తాయని అతనికి ఏ అనుమానమూ లేదు.

బుట్ట వచ్చింది. అందులో ఒక్క టీ ఉంది.

కాసేపు ఆగారు. బుట్ట మళ్లీ బరువెక్కలేదు.

కౌండిన్య కుర్చీలోంచి లేచాడు. బూట్లు వేసుకోవడం మరచి, ఒట్టి కాళ్లతో రెండంతస్తులు దిగి, క్యాంటీన్ ముందు నిలబడ్డాడు. ఇప్పుడు వచ్చిన నాలుగు చీటీలకు ఒక్క టీయే ఎందుకు పంపారని నరసమ్మను అడిగాడు. ఆమె పాలు పొంగకుండా మంట తగ్గించి, ఊచకు గుచ్చిన చీటీల వైపు గరిటె చూపించింది.

"అదే నెంబరు మళ్లీ వత్తే మళ్లీ కాస్తానేటి బాబూ? ఇందాక అడిగిన మడిసే, నాను బతికున్నానో నేదో అని సూసుకుంటన్నాడనుకుంటాను."

"మరి నేను పంపినవి?"

"మీవి ఆరు నెంబర్లు. ఆరుగురు మడుసులు." ఆమె అతని కాళ్ల వైపు చూసింది. "సెప్పులేయి బాబూ?"

కౌండిన్య అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

రెండూ నలభైకి అతను తన బల్ల ముందు కూర్చున్నాడు. వారధిలో మార్చవలసింది ఒక్క చోటే. ఏజెంటు మొదటిసారి బటన్ నొక్కినప్పుడు ఒక అంకె పుట్టాలి. ఆ కోరికకు జవాబు వచ్చేదాకా, ఏజెంటు ఎన్నిసార్లు నొక్కినా, వారధి ఎన్నిసార్లు అడిగినా, కుడివైపు పైమూలన ఉన్న గడిలో ఆ అంకే పడాలి. పదమూడు నిమిషాలు పట్టింది. అందులో రెండుసార్లు బాత్రూమ్‌కు వెళ్లి రావలసి వచ్చింది.

మూడు గంటలకు కెప్టెన్ రొంగలి ఎదుట అతను చెప్పింది రెండు మాటలే. తప్పు యంత్రానిది కాదని, తనదని. ఇప్పుడు సరిచేశానని. రొంగలి చెయ్యి చాచి నివేదిక ఇమ్మన్నాడు. పై పేజీ మీద ఆరు గుండ్రటి టీ మరకలు రెండు వరుసలుగా ఉన్నాయి. ఆయన వాటిని కాసేపు పరిశీలించి, నివేదికను తెరవకుండానే తిరిగి ఇచ్చేశాడు.

"ఖుద్దూస్ సాహెబ్ చదివారన్నమాట," అన్నాడు. వారధిని ఆ సాయంత్రం దాకా ఉంచి చూద్దామన్నాడు.

అయిదు గంటలకు ఒక బొగ్గు నౌక వచ్చింది. దాని ఏజెంటు సిగ్నలు సరిగా అందని చోట నిలబడి, కంగారులో తొమ్మిదిసార్లు బటన్ నొక్కాడు. వారధి ఆ ఒక్క కోరికనే ఓపిగ్గా అడుగుతూ వచ్చింది. యంత్రం తన తీరికలో తాను పలికింది. పడవలో ఒక్క పైలట్ వెళ్లాడు. పొద్దుటి నలుగురిలో అతనూ ఒకడు. తాడు నిచ్చెన సగం ఎక్కాక ఆగి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని కిందికి తొంగిచూశాడు. ఎవరూ లేరని నిర్ధారించుకొని మిగతా సగం ఎక్కాడు. అది చూసి, లంగరు దింపుకొని కూర్చున్న ఎరువుల నౌక కెప్టెన్ కూడా, ఒక్కడినే పంపితే వస్తానని కబురు చేశాడు.

కౌండిన్య యంత్రం గదికి తిరిగివచ్చాడు. గుమ్మం దగ్గర తన బూట్లు మధ్యాహ్నం నుంచి అక్కడే ఉన్నాయి. ఉస్తాద్ ఇంటికి వెళ్లడానికి గొడుగు చేతిలోకి తీసుకుంటున్నాడు. కౌండిన్య చివరికి మనసులో మెదులుతున్నది అడిగేశాడు.

"ఆ గడి ఎందుకో మీకు మొదటినుంచీ తెలుసు ఉస్తాద్. నేను అడిగిన రోజే ఎందుకు చెప్పలేదు?"

ఉస్తాద్ గొడుగు పక్కన పెట్టాడు. కళ్లద్దాలు తీశాడు. ఒక అద్దం తుడిచాడు, రెండోది తుడిచాడు. కౌండిన్య పెదవులు కదిలాయి. మళ్లీ మూతపడ్డాయి.

ఉస్తాద్ అద్దాలు పెట్టుకొని, అతని వంక ప్రసన్నంగా చూశాడు.

"ఆ రోజు నేను ఇవి తుడుచుకునేలోపు నువ్వు ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగావు."