దోమలు తినే గబ్బిలానికి సపోటా విందు

సపోటా తోట పక్కన కొండ గుహలో రెండు జాతుల గబ్బిలాలు కాపురముండేవి. చిన్నవి దోమలూ పురుగులూ తినేవి, పెద్దవి పండ్లు. ఆ ఏడు చలి ముదిరి పురుగులు కరువయ్యాయి. ఒక చిన్న గబ్బిలం పిల్లను రొమ్ముకు కరుచుకోనిచ్చి ఆకలితో వేలాడుతుంటే నక్క వచ్చి గుహ గుమ్మంలో కూర్చుంది.

"ఎందుకమ్మా ఈ ఉపవాసం? తోట నిండా సపోటాలున్నాయి. పెద్ద గబ్బిలం నీకు అక్కే కదా. మీ ఇద్దరికీ ముత్తవ్వ ఒక్కతే. దానికి అరిగింది నీకు అరగదా?"

చిన్న గబ్బిలం నమ్మి, పిల్లతో సహా తోటకెళ్లి సపోటా కొమ్మకు వేలాడింది. సగం పండు తినేసరికి కడుపు రాయయింది, తల తిరిగింది, కాళ్ల పట్టు సడలింది. కింద నక్క నోరు తెరుచుకుని ఉంది. ఇంతలో పెద్ద గబ్బిలం రెక్క అడ్డం పెట్టి తల్లినీ పిల్లనూ ఆపింది.

"ఎవరే నీకు పండు తినమంది?"

"నక్క మామ. మన ముత్తవ్వ ఒక్కతేనట కదక్కా."

"ఒక్కతే. కానీ మావాళ్లు తరతరాలుగా తీపి తిని తిని, మా నెత్తురే దానికి తగ్గట్టు మారిపోయింది. పేడపురుగు పెంకును కరిగించే విద్య మా కడుపు ఏనాడో మరిచిపోయింది. అది నీ దగ్గరుంది. చీకట్లో దోమ రెక్క ఆడిస్తే నీకు వినబడుతుంది, నాకు వినబడదు. నేను కొరికి పారేసిన పండ్ల మీద ఈగలు మూగుతాయి. అక్కడికొచ్చి తిను."

ఈ కథ చెబుతున్న నాకైతే ఇది తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఎప్పుడో ఒక అవ్వ పండు కొరికింది, ఇంకో అవ్వ పురుగు పట్టింది. ఆ ముద్దలు ఇంకా పుట్టని బిడ్డల ఒళ్లను కూడా వేరు వేరు దారులు పట్టించాయి.

మర్నాడు సాయంత్రం నక్క మళ్లీ వచ్చింది. "ఏమ్మా, ఇంకో పండు తిన్నావా?"

"నువ్వు చెప్పింది బాగుంది మామా. నీకూ తోట కాపలా కుక్కకూ ముత్తవ్వ ఒక్కతేనట. అది రోజూ అన్నం తిని ఎంత జోరుగా పరిగెడుతుందో చూశావుగా. కూలీలకు వండిన అన్నం గంపెడు మిగిలింది. కుక్క కంచె చుట్టూ తిరగడానికి పోయింది."

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని అంటారు. ఈ నక్క కుక్కను చూసి గంప ఖాళీ చేసింది. పొట్ట ఉబ్బి కాళ్లు కదలకుండా ఉన్నప్పుడు కుక్క తిరిగొచ్చింది.

"అన్నా, మనం ఒక్క అవ్వ బిడ్డలం," అని మూలిగింది నక్క.

"కాదన్నానా తమ్ముడూ? మా అవ్వలు మనిషి గుమ్మంలో కూడు తిన్నారు, మీ అవ్వలు అడవిలో వేటాడారు. అదే అన్నం నాకు బలం, నీకు బరువు," అంటూ కుక్క దాని తోక అందుకుంది.

నక్క సగం తోకతో కొండ దాటింది. అవ్వ ఒక్కతే అయినా అందరి కడుపూ ఒకటి కాదు.