సింహాచలం కుడికాలు

పేరిందేవమ్మను ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరికేది కాదు, పని దొరికేది. తాళం ఎందుకు నిలవడం లేదమ్మా అన్న శిష్యుడి చేత బావి సగం తోడించింది. భక్తి అంటే ఏమిటని అడిగిన పెద్దమనిషి వారం రోజులు కూర్చుని చింతపండులో గింజలు తీశాడు. హరికథ చెప్పడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు విజయనగరం చుట్టుపక్కల లేరు. ఒకవేళ ఉన్నా, ఆమె ఊళ్లో ఉన్నంతసేపూ గొంతునొప్పి అని పడుకునేవారు. పైగా ఆవిడవి పాముచెవులు. పొరుగూరి పెళ్లిలో సన్నాయి వెంట్రుకవాసి శ్రుతి జారితే, ఇక్కడ తన వంటింట్లో గరిటె కిందపెట్టి "అయ్యో పాపం" అనేది.

ఆమె దగ్గర గవర్రాజు తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. మంచి గొంతు, మంచి రూపు. అతను బొట్టు దిద్దుకోవడం మొదలుపెడితే అత్తెసరు పెట్టుకుని, తిని, కునుకు తీసి రావచ్చు. గురువు కథ చెబుతుంటే వెనక నిలబడి వంత పాడేవాడు. ఆవిడ ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నప్పుడు తను ముందుకొచ్చి కాస్త కథ నడిపేవాడు. అప్పుడు చూడాలి జనాన్ని! దాసుగారు "గోవిందో" అంటే జనం "హరి" అనడం ప్రతి హరికథలోనూ ఉన్నదే. గవర్రాజు గోవింద వేస్తే మాత్రం పందిరి గుంజలు కూడా హరి అనేవి. పాట నడక మారబోయే చోట, సరిగ్గా అక్కడే, చిడతలు పైకెత్తి గోవింద వేసేవాడు. జనం హరి అని తేరుకునేసరికి కొత్త నడక జోరుగా సాగిపోతూ ఉండేది. అతని కథ విన్నవాళ్లు మర్నాడు మజ్జిగ కావాలన్నా చేత్తో సైగ చేసేవారట, గొంతులు అంతగా పోయేవి.

ఆ ఏడు శ్రీరామనవమికి ఎర్రమెట్ట అవతలి ఊరినుంచి పిలుపు వచ్చింది. రెండు రాత్రులు, రెండు కథలు. అందులో ఒకటైనా తనకు ఇవ్వకపోతే బొబ్బిలి బృందంలో చేరిపోవాలని గవర్రాజు నిశ్చయించుకుని, పెట్టె కూడా సర్దుకుని, అరుగు మీద వక్క కత్తిరిస్తున్న గురువు ముందు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క రాత్రి నాకెందుకివ్వరు?"

"నీ కథలో ఎక్కడో చప్పుడొస్తోంది నాయనా."

"ఎక్కడమ్మా? నేనొక్కణ్ణీ కూర్చుని మొదటినుంచి చివరిదాకా, గోవిందలతో సహా వెయ్యిసార్లు పాడి చూసుకున్నాను. తాళం ఒక్కచోట తప్పలేదు, ఒట్టు. ఎంత వెతికినా దొరకని తప్పు ఉన్నట్టా, లేనట్టా?"

పేరిందేవమ్మ వక్క నోట్లో వేసుకుంది. "బండి సత్తార్ షెడ్డుకి పోతోంది. నువ్వూ ఎక్కు," అంది.

ఆ బండి, బృందాన్నీ హార్మోనియాన్నీ మృదంగాన్నీ మోసే పాత పికప్ వ్యాను. దాని అసలు రంగు ఏమిటో రంగు వేసినవాడే వచ్చి చూసినా చెప్పలేడు. దానికి దేవుడూ పూజారీ కూడా డ్రైవరు సింహాచలమే. చెప్పులు విడిచి గాని లోపల అడుగు పెట్టడు. స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడిందంటే ఆ పూట అన్నం ముట్టడు. కూతురి పురుడని వెళ్తూ, తప్పనిసరై ఒక్కరోజు అల్లుడికి తాళం ఇచ్చాడు. ఆ ఒక్కరోజే ఇంజనులో ఉండుండి కటకటమని చప్పుడు వచ్చింది. పేరిందేవమ్మ విన్నది. సింహాచలం తిరిగొచ్చి స్టీరింగు పట్టుకున్నాడు, చప్పుడు పోయింది.

"సప్పుడు బండిలో నేదమ్మగోరూ, మా అల్లుడి బుర్రలో ఉన్నాది," అని సింహాచలం తేల్చేశాడు.

ఆవిడ తేల్చనివ్వలేదు. కొండదారిలో ఇంతమందిని వేసుకుని పోవాలి. అదేమిటో తెలియందే బండి కదలడానికి వీల్లేదంది. బండి కదలకపోతే కథ లేదు, కథ లేకపోతే గవర్రాజుకు రాత్రీ లేదు. అందుకని అతను షెడ్డులో సత్తార్ కంటే శ్రద్ధగా నిలబడ్డాడు.

సత్తార్ బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాడు. ఏమీ లేదు. బెల్టు బిగించాడు, గొట్టాలు తట్టాడు. సింహాచలం పక్కన కూర్చుని బజారంతా తిరిగొచ్చాడు, మెట్ట కూడా ఎక్కి దిగొచ్చాడు. ఆ స్టీరింగు తనకిమ్మని అడిగే ధైర్యం మెకానిక్కు అయినా అతనికి లేదు. బండి ఎంత మెత్తగా నడిచిందంటే, కడుపులో పిల్లకు కూడా కదలిక తెలియదు. గవర్రాజుకు లోలోపల సంతోషం వేసింది.

ఇంటికొచ్చి, "బండిలో ఏమీ లేదమ్మా. కొందరికి ఊరికే వినిపిస్తుంది," అన్నాడు.

"అలాగా," అని పేరిందేవమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుని తనే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. మేళం సామానంతా వెనక ఎక్కించింది. దాని మీద గవర్రాజునూ సత్తార్‌నూ కూర్చోబెట్టింది. ఎర్రమెట్ట ఎక్కుతున్నంతసేపూ ఆవిడ రోడ్డు చూడలేదు, ఇంజనుకు చెవి ఒగ్గలేదు. తల వంచి సింహాచలం పాదాలు చూస్తూ కూర్చుంది. గజ్జెకట్టిన కాళ్లను నలభై ఏళ్లు చూసిన మనిషికి అదొక అలవాటు. చప్పుడు రాలేదు. మెట్ట కిందికి దిగాక, "సింహాచలం, ఇవతలికి జరుగు. గవర్రాజు తోలుతాడు," అంది.

"అమ్మగోరూ! నన్ను కొట్టీండి, తిట్టీండి..."

"తర్వాత కొడతాను. జరుగు."

సింహాచలం దిగి, చుట్టూ తిరిగొచ్చి, అవతలి తలుపు పక్కన కళ్లనీళ్లు ఒక్కటే తక్కువగా కూర్చున్నాడు. మధ్యలో పేరిందేవమ్మ. గవర్రాజు చెప్పులు విడవకుండానే ఎక్కి, బండిని మెట్టకు మళ్లించాడు. ఎక్కుడు నిటారుగా మారే చోట గేరు తగ్గించి బలంగా తొక్కాడు. అంతే, కటకటకట! పాతాళంలో ఎవరో ఇనుప గుగ్గిళ్లు నములుతున్నట్టు చప్పుడు. గవర్రాజు హడలిపోయాడు.

"తియ్యకు. తొక్కు," అంది పేరిందేవమ్మ. "తొక్కుతూ ఇటు చూడు."

సింహాచలం కాలికింద పెడలు లేదు, వట్టి రేకు. అయినా అతని కుడికాలు రేకు మీదనుంచి దానంతటది లేచింది. ఎక్కుడు కాస్త తగ్గగానే చప్పుడు ఆగింది, కాలు ఆనింది. బండి మళ్లీ బరువెక్కింది. చప్పుడింకా రాకముందే, ఈసారి అందరూ చూస్తుండగా, కాలు మళ్లీ లేచింది.

వెనకనుంచి సత్తార్ కేకేశాడు. "దొరికిందమ్మగారూ! ఇంజను కింద ఫౌండేషన్ రబ్బరు విరిగింది. గట్టిగా తొక్కితే ఇంజను పక్కకి వాలి, గొట్టం ఛాసిస్‌కి కొట్టుకుంటోంది. ఈ లోడుతో ఇంకో కొండ ఎక్కితే గొట్టం తెగి చేతికొచ్చేది!"

బండి ఆపారు. సింహాచలం కిందికి దిగి, అప్పుడే ఎవరో తెచ్చి తగిలించినట్టు తన కాలివంక చూసుకున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ నేనే ఎత్తీసీవోణ్ణా? నాకు తెలీదమ్మగోరూ. పైడితల్లి మీద ఒట్టు, తెలీదు."

"నీకు తెలీదు," అంది పేరిందేవమ్మ నెమ్మదిగా. "కాలికి తెలుసు."

గవర్రాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. టాపు పట్టుకుని, పొట్ట పట్టుకుని, కొండ మీది కోతులు దిగొచ్చి చూసేంతగా నవ్వాడు. "అదేంటి మావా! చప్పుడొచ్చే చోటే కాలెత్తేసి, నా బండిలో చప్పుడే లేదని ఊరంతా చెప్పుకున్నావా!"

పేరిందేవమ్మ అతన్ని నవ్వనిచ్చింది. సత్తార్ బండి కింద దూరి రబ్బరు ముక్క బయటికి లాగేదాకా నవ్వనిచ్చింది. నవ్వీ నవ్వీ అలసి, కళ్లు తుడుచుకుంటుంటే గవర్రాజుకు పొద్దున సర్దుకున్న పెట్టె జ్ఞాపకం వచ్చింది.

"మరి నా సంగతి, అమ్మా?"

"మొదటి రాత్రి కథ నీదే. వెనక నిలబడి వంత నేను పాడతాను."

గవర్రాజు ఆ రోడ్డు మీదే వంగి ఆమె పాదాలు పట్టుకున్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసింది.

"నడక మారే చోట చిడతలు ఎత్తకు. గోవిందలు మాత్రం నేను వేస్తాను," అంది.