తిప్పక్క తెల్లరాయి

మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలం మాట ఇది. ఎర్రమన్ను చేల నడుమ ఒక ఊరుండేది. ఊరి వెనక కొండ, ఆ కొండలో వజ్రాల గుంతలు. పెళ్లికొడుకు గుంతలో దిగి వజ్రం తేవాలి. ఆ వజ్రం పెళ్లికూతురి ముక్కుపుడకలో మెరవాలి. అదీ ఆ ఊరి కట్టుబాటు. కొందరు తెచ్చారు. కొందరు వట్టి చేతులతో వచ్చారు. కొందరు రానేలేదు.

రానివాళ్లలో హంపన్న ఒకడు. తిప్పక్కను చేసుకోవాల్సినవాడు. గుంతలో మట్టి విరిగి మీద పడింది. ఆమె అటు పెళ్లికూతురూ కాలేదు, ఇటు విధవా కాలేదు. అచ్చిరాని మనిషి అన్నారు. శుభకార్యాలకు పిలవడం మానేశారు.

అమ్మానాన్నలు పోయాక తిప్పక్క ఊరి చివర గుడిసెలో ఒక్కతే ఉండేది. వంకలో పలుగురాళ్లు ఏరేది. నీళ్లలా తేటగా ఉన్నవాటిని సానరాయి మీద అరగదీసి, మెరుగుపెట్టి, గూట్లో దాచేది. ఎవరి కోసమో ఆమెకే తెలియదు. చేతులు ఊరికే ఉంటే హంపన్న గుర్తొచ్చేవాడు, అంతే.

ఊళ్లో పెళ్లి డప్పులు మోగేవి. తిప్పక్క రాయి అరగదీస్తూ కూర్చునేది.

ఒక ఏడు చెన్నమ్మ అనే పిల్లకు ఓబులేసుతో పెళ్లి కుదిరింది. రేపోమాపో గుంతలో దిగుతానన్నాడు ఓబులేసు. వజ్రం వద్దు, అతన్ని దించొద్దని చెన్నమ్మ తండ్రిని బతిమాలింది. ఊరు ఒప్పుకోదన్నాడు. ఊరిపెద్దను బతిమాలింది. కట్టుబాటు కట్టుబాటే అన్నాడు. చివరికి ఎవరూ తొక్కని గడప తొక్కింది.

"అక్కా, వజ్రంలా కనబడే రాయి ఒకటియ్యి. వజ్రమనే చెప్తాను."

తిప్పక్క గూట్లోంచి రాయి తీసింది. వెంటనే చేతిలో పెట్టలేదు.

"అబద్ధమాడేటట్టయితే ఇయ్యనమ్మా. ఇది వజ్రం కాదు. అంత మెరుపుండదు. కొన్నేళ్లకు గీతలు పడి మసకబారుతుంది. అప్పుడు తీసుకురా, మళ్లీ మెరుగుపెడతా. వజ్రం కాదని నలుగురిలో చెప్పి పెట్టుకోగలిగితే తీసుకుపో."

చెన్నమ్మ ఆ రాయిని కొంగున ముడేసుకుంది. తీసుకుపోయింది. ఓబులేసు చెయ్యి పట్టుకుని, గుంతలో దిగనని మాట తీసుకుంది.

పెళ్లిపందిట్లో ఊరిపెద్ద వంగి చూసి, ఇది వజ్రం కాదే అన్నాడు.

"కాదు మామా, పలుగురాయి" అంది చెన్నమ్మ. "నా మొగుడు నా పక్కన కూర్చున్నాడు. నాకది చాలు."

ఊరిపెద్ద ఏదో అనబోయాడు. ఇంతలో, గుంతలో కొడుకును పోగొట్టుకున్న ముసలామె ఒకతె పందిరి మూల కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమె వైపు చూసి పక్కకు తప్పుకున్నాడు. తాళి పడింది.

ఆ పెళ్లి డప్పులూ వినబడ్డాయి. తిప్పక్క రాయి అరగదీస్తూ కూర్చుంది. పిలవాలని ఎవరికీ తోచలేదు, చెన్నమ్మకు కూడా.

ఆ తర్వాత పెళ్లికూతుళ్లందరూ ఆమె గడపకే వచ్చారు. గుంతల్లోకి దిగేవాళ్లు తగ్గారు. రాళ్లు పందిళ్లలోకి వెళ్లేవి. ఆమె వెళ్లేది కాదు. మసకబారిన రాయి పట్టుకుని ఎవరైనా వస్తే, చిటికెలో అయ్యే మెరుగుకు పూటంతా పట్టించేది. అంతసేపూ మనిషి గొంతు వినొచ్చని.

ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం చెన్నమ్మ తన రాయి తీసుకుని వచ్చింది. సానరాయి పొడిగా ఉంది. తిప్పక్క గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ప్రాణం విడిచి ఉంది. ఎప్పుడు పోయిందో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

చెన్నమ్మ కేకేసి ఊరిని పిలిచింది. ఊరంతా వచ్చి తిప్పక్కను మోసింది. కానీ తన పెళ్లికి ఆమెను పిలవలేదన్న ముల్లు చెన్నమ్మ గుండెలో అలాగే ఉండిపోయింది. తన కూతురి పెళ్లినాడు, ముహూర్తం ముంచుకొస్తున్నా, ఊరి చివర ఒంటరిగా బతికే మరో ఆడమనిషిని వెతికి, చెయ్యి పట్టుకుని పందిట్లోకి తెచ్చింది. ముక్కుపుడక రాయిని ఆమె కొంగుతోనే తుడిపించింది.

ఇప్పటికీ ఆ వైపు పెళ్లిళ్లలో తెల్లరాయి ముక్కుపుడకే పెడతారు. దాన్ని తిప్పక్క రాయి అంటారు. ఎవరూ లేని ఆడమనిషిని పిలిచి, ముందు ఆమెచేత దాన్ని తుడిపిస్తారు. తర్వాత మొదటి విస్తరి ఆమెకే వేస్తారు. ఆమె తిని లేచేదాకా పందిట్లో ఎవరూ లేవరు.