పోలినాయుడి ఓడలు, అడుగంటిన పప్పు

"ఆట సరదాగా ఉందో లేదో తేల్చేదెలా గురువుగారూ?" అని పోలినాయుడు అడిగిన పూట, లక్కబొమ్మల పనిలో ముల్లోకాలకూ గురువైన నూకయ్యగారు పొయ్యిమీద కందిపప్పు పెడుతున్నారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు పుట్టుకతోనే లేదు.

పోలినాయుడి అవస్థ మాత్రం నవ్వులాట కాదు. మూడేళ్లు తిండీ నిద్రా మాని 'సప్తసముద్రాల బేరం' అని ఒక పలక ఆట తయారుచేశాడు. నూటపన్నెండు ఓడలు, చిటికెనవేలి గోరంత మిరియాల మూటలు, సుంకాల రేవులు, తుఫానులు. నియమాల కట్టను ఇక్కడిదాకా తేవడానికి ఎడ్లబండి కట్టించాడు. గురువు ఔనంటే, బొమ్మల పనికని దాచుకున్న అంకుడు కర్రంతా కోయించి యాభై పెట్టెలు చేస్తాడు. కాదంటే బతుకంతా పసిపిల్లల గిలక్కాయలే.

గురువుగారు ఎదురింటి తోటికోడళ్లను పిలిపించారు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్న మాటమీద కూడా ఏనాడూ ఏకం కాని ముగ్గురు వాళ్లు. "పొయ్యిమీద పప్పుంది తల్లీ, ఆడుతూ దానిమీద ఓ కన్నేసి ఉంచండి" అని చెప్పి, ఆయన పలకకు వీపు పెట్టి చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్నారు.

పోలినాయుడి మనసు చివుక్కుమంది. ఆటవైపు చూడనైనా చూడని మనిషి ఏం తీర్పు చెబుతాడు? అయినా గొంతు సవరించుకుని నియమాలు చదవసాగాడు. పన్నెండోదానికి గోడమీది కాకి కునికి కిందపడింది. ఇరవయ్యోదానికి పెద్దకోడలు "పప్పు కలిపొస్తా" అని లేచింది. ఆట మొదలయ్యాక నడిపికోడలు లేచింది. ఆమె వచ్చి కూర్చోకముందే చిన్నకోడలు. చివరికి గరిటె కోసం ముగ్గురూ పెనుగులాడారు. భూమి పుట్టాక ఏ పప్పుకూ అంత సేవ జరగలేదు.

ఇంతలో ఆటలో తుఫాను వచ్చి పెద్దకోడలి ఓడ మునిగింది. చిన్నకోడలు చల్లగా చెయ్యి చాచి, తేలిన మిరియాల మూటను తన ఓడలో వేసుకుంది.

"ఓసి దొంగమొహమా, అది నాది."

"నీళ్లలో పడ్డాక నీదేమిటక్కా? సముద్రమేమైనా నీ పుట్టింటివాళ్లు పెట్టారా?"

ఈ తగువులో నడిపికోడలు ఇద్దరి మూటలూ నొక్కేసింది. ఇక చూడాలి. ఒకరి ఓడ ఒకరు ముంచడం, మూటలు ఎగరేసుకుపోవడం, ఇంటికప్పు పెంకులు లేచిపోయేలా నవ్వడం.

"అమ్మా, అలా కుదరదు. అరవైమూడో నియమం ప్రకారం మునిగిన సరుకు రాజుగారిది" అన్నాడు పోలినాయుడు.

"రాజుగారొస్తే పీట వేద్దాంలే. నువ్వు జరుగు, వెలుతురు రావడం లేదు" అంది పెద్దకోడలు.

అప్పుడు మాడువాసన వచ్చింది. పొగ వసారా అంతా కమ్మి, వీధి చివర గేదె దగ్గింది. ఆడేవాళ్లలో ఒక్కరూ తల తిప్పలేదు. పోలినాయుడే పరుగున వెళ్లి, బొగ్గయిన గిన్నెను తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"పప్పూ పోయింది, నా ఆటా పోయింది గురువుగారూ."

"వాసన ముందు ఎవరికొచ్చింది?"

"నాకేనండి. వాళ్లకింకా రాలేదు."

గురువుగారు మాడు ఇంత గీకి నోట్లో వేసుకుని, పాయసం తిన్నంత తృప్తిగా తలాడించారు.

"కర్ర కోయించుకో నాయనా. ఆ నియమాల కట్ట మాత్రం ఇక్కడే వదిలి వెళ్లు. రేపు పొయ్యిలోకి చితుకులు లేవు."