సొరకాయ గుర్తు

రేగులకోన అడవిలో కుందేళ్లు, ఉడతలు, ముంగిసలు, దుప్పులు, ఒక ఏదుపంది కాపురముండేవి. ఆ ఏడు ఎండలకు అక్కడి వాగు ఎండిపోయింది. ఇసుకలో చెలమ తవ్వితే నీళ్లు ఊరతాయి. కానీ అడవి సభకు రేగులకోన తరఫున గెలిచిన సభ్యుడి అనుమతి లేనిదే వాగులో ఎవరూ తవ్వకూడదు. ఆ సభ్యుడు దుప్పి. కొమ్ముల పార్టీ తరఫున మూడుసార్లు గెలిచింది. ఎవరెన్నిసార్లు అడిగినా "చూద్దాంలే" అనేది.

ఏదుపందికి ఇద్దరు పిల్లలు. దాహంతో వాటి నోళ్లు పిడచకట్టుకుపోతున్నాయి. తల్లికి కాలు ఒకచోట నిలవలేదు.

"అడిగి అడిగి విసుగొచ్చింది. ఈసారి ఎన్నికల్లో నేనే నిలబడతాను" అంది.

"ఏ పార్టీ తరఫున, ముళ్లక్కా?" అంది ఉడత.

"ఏ పార్టీ లేదు. స్వతంత్రంగానే!"

పోటీకి పదిమంది బలపరచాలి. తొమ్మిదిమంది ఒప్పుకున్నారు. పదోవారి కోసం ఏదుపంది పొద పొదకీ తిరిగింది. చివరి రోజు గడువు ముగుస్తుండగా ముసలి కుందేలు అవ్వ వచ్చి పాదముద్ర వేసింది.

హమ్మయ్య అనుకునేలోపే ఇంకో గుబులు. మంచి గుర్తులన్నీ అయిపోయాయి. మిగిలింది సొరకాయ ఒక్కటే!

"గొప్పలు చెప్పేవాళ్లను సొరకాయలు కోస్తున్నారంటారు. ఇప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు? అసలు ఈ గుర్తు నాదని అయిదు రోజుల్లో ఎందరికి చెప్పగలను?" అని ఏదుపంది కుమిలిపోయింది. తిండి సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తోచేది కాదు.

దుప్పి మాత్రం పగలబడి నవ్వింది. కొమ్ములకు రెండు సొరకాయలు కట్టుకుని ఊరేగింది. "చూడండి, ముళ్లక్క గుర్తు! కోతలు కోసే ఆవిడకు సొరకాయే దక్కింది!" అని ప్రతి కలుగు ముందూ అరిచింది. నవ్వించే సరదాలో పడి తన గుర్తు ఏమిటో, తను ఏం చేస్తుందో చెప్పనే లేదు.

ఏదుపంది ఉసూరుమంటూనే ఇల్లిల్లూ తిరిగింది. "గెలిచిన మర్నాడే చెలమ తవ్విస్తాను. నాకు తెలిసింది అదొక్కటే" అని చెప్పి ముందుకు పోయేది.

ఎన్నికల రోజు వచ్చింది. ఎవరికి వారు తమకు నచ్చినవారి గుర్తు వేసిన కుండలో చింతగింజ వేయాలి. కుందేలు అవ్వకు చూపు ఆనదు. అయినా తడుముకోకుండా సొరకాయ కుండ దగ్గరికే నడిచింది.

"గుర్తు ఎలా పట్టావవ్వా?" అని అడిగింది ముంగిస.

"అయిదు రోజులుగా దుప్పి బావ నా ముక్కు ముందే ఆడించాడు కదే! ఎలా మర్చిపోతాను?" అంది అవ్వ.

సాయంత్రానికి సొరకాయ కుండ నిండింది. కొమ్ముల గుర్తు కుండలో గింజలు అడుగైనా కప్పలేదు.

మర్నాడు తెల్లవారగానే ఏదుపంది అనుమతి రాసి, తనే వాగులోకి దిగి తవ్వింది. మూరెడు లోతున ఇసుక తడిసింది. నీళ్లు ఊరాయి. పిల్లలు మూతులు ముంచి కడుపారా తాగుతుంటే తల్లికి కళ్లు చెమర్చాయి. దుప్పి కూడా దాహంతో వచ్చింది. తల వంచుకుని, కుందేలు అవ్వ వెనక వరుసలో నిలబడింది.

నీతి: ఎదుటివారిని ఎగతాళి చేస్తూ తిరిగేవాడు తన పని మరిచి, వారికే ప్రచారం చేసిపెడతాడు.