సుభానీ నిచ్చెన

"గురువుగారూ, ఒకే వస్తువు రెండు చోట్ల దొరుకుతున్నప్పుడు చవగ్గా దొరికే చోట కొనుక్కోవడం పాపమా?"

ఈ ప్రశ్న అడిగినవాడు భానుమూర్తి. అడిగేదాకా తెచ్చినవాణ్ణి నేను. అంతకుముందు మఠం వసారాలో మేమిద్దరం చాలాసేపు గొంతులు చించుకున్నాం. ఒకే గురువు శిష్యులం, ఒకే వీధివాళ్లం, అయినా ఆ పూట అతని మొహం చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి "నీతో నాకేంది, గురువుగారినే అడుగుతా" అని అతను లోపలికి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను.

ఆదెయ్య గారికి ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని చెబుతారు. ఆ పని పూర్తయ్యేసరికి ప్రశ్న మిగలదు, లేదంటే మళ్లీ అడగడానికి మనకు మొహం మిగలదు. చిలకలూరిపేటలో ఆయన శిష్యులమంతా ఈ పద్ధతి ఎరిగినవాళ్లమే గానీ, ప్రతిసారీ కొత్తగానే ఇరుక్కుంటాం.

గొడవ ఎందుకొచ్చిందో చెప్పాలి. మా మఠం వీధి మొదట్లో సుభానీ హార్డ్‌వేర్ కొట్టు ఉండేది. సుభానీ నోరు మంచిది కాదు. పంపు కారుతోందని వెళితే "ఎవడు బిగించాడయ్యా దీన్ని, కళ్లున్నోడేనా?" అని మొదలుపెట్టేవాడు. తిట్టడం పూర్తయ్యాక మనక్కావలసింది ఇచ్చేవాడు. ఒక్క స్క్రూ కావాలంటే ఒక్క స్క్రూనే కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. కొట్టు పక్క గోడకి ఒక పొడుగాటి వెదురు నిచ్చెన ఆనించి ఉండేది. అది అమ్మకానికి కాదు, అద్దెకీ కాదు. వీధిలో ఎవరింటికి సున్నాలు వేసినా, ఎవరింట పెళ్లికి లైట్లు కట్టినా, నీళ్ల ట్యాంకులో పాచి కడగాలన్నా ఆ నిచ్చెనే దిక్కు. అడగనక్కర్లేదు, తీసుకెళ్లి పని చూసుకుని తెచ్చిపెట్టాలి. తెచ్చిపెట్టకపోతే మాత్రం సుభానీ మన గుమ్మం ముందుకొచ్చి వీధంతా వినేట్టు తిట్టిపోసేవాడు.

బైపాస్ రోడ్డు మీద పెద్ద షాపు వచ్చాక సుభానీ కొట్లో బేరాలు పడిపోయాయి. ఏసీ, అద్దాలు, తోసుకెళ్లే బండ్లు. ఇంటికి కావలసిన సమస్తమూ ఒక్క కప్పు కింద. మా వీధివాళ్లు ఆదివారం పిల్లల్ని తీసుకుని తిరునాళ్లకు వెళ్లినట్టు వెళ్లొచ్చేవాళ్లు. ఇంటాయన కొట్టు ఖాళీ చెయ్యమంటున్నాడనీ, మఠం బేరమన్నా వస్తే ఇంకో ఏడాది లాక్కొస్తాననీ సుభానీ నాతో తన నోటితో చెప్పాడు. ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ మాట చెప్పడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.

మఠం బేరమంటే హాల్లో ఫ్యాన్లు. ఆరాధన దగ్గరపడుతోంది, పాత ఫ్యాన్లు గాలికంటే మోతే ఎక్కువ చేస్తున్నాయని మార్చాలనుకున్నాం. ఆ పని భానుమూర్తి తన నెత్తినేసుకున్నాడు. అతను ఇన్సూరెన్స్ ఏజెంటు, మాటకారి, పొదుపరి. చెడ్డవాడు మాత్రం కాదు, అందుకే నాకింకా కోపం. అతను సుభానీని హాలుకు పిలుచుకొచ్చాడు. సుభానీ కొట్టు మూసుకుని వచ్చి, నిచ్చెనెక్కి కొక్కేలు ఒక్కొక్కటీ లాగి చూసి, ఇంత ఎత్తు నుంచి గాలి కిందికి తగలాలంటే ఏ ఫ్యాను కొనాలో, రాడ్డు ఎంత పొడుగుండాలో, ఏ వైరు మార్చాలో, ఏది మార్చడం డబ్బు దండగో అంతా విడమర్చి చెప్పాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన కొట్టు మూతపడే ఉంది. భానుమూర్తి ఆయనకు టీ తాగించి పంపించి, మర్నాడు పొద్దున్నే బైపాస్‌కు వెళ్లి, సుభానీ చెప్పినవి చెప్పినట్టు అక్కడ కొనుక్కొచ్చాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొన్నందుకు వాళ్లు ఊరికే ఇచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టొకటి ఆ మరుసటి రోజు తెచ్చి గురువుగారి ముందు పెట్టి, "మఠానికి పనికొస్తుందండీ" అని మురిసిపోయాడు. ఆ బకెట్టు చూసేసరికి నాకు తల తిరిగిపోయింది. వసారాలోకి లాక్కెళ్లి, సుభానీ కొట్టు పోతుందని తెలిసే ఈ పని చేశావా అని నిలదీశాను. "నాలుగు ఫ్యాన్లకి నిలబడే కొట్టయితే పడిపోయేదే కాదులే" అన్నాడు. ఆ మాట మీదే రేగింది గొడవ.

గురువుగారు ప్రశ్న విని, "ఫ్యాన్లు బిగించేది ఎప్పుడు?" అన్నారు.

"ఇవాళేనండీ. ఎలక్ట్రీషియన్ వచ్చి కూచున్నాడు. నిచ్చెన తెప్పించడమే ఆలస్యం."

"ఎక్కణ్ణించి?"

"సుభానీ కొట్టు దగ్గర్నుంచండీ."

ఆదెయ్య గారు కండువా భుజాన వేసుకుని లేచారు. "ఫ్యాన్లు తెచ్చినచోటే నిచ్చెన కూడా అడుగుదాం పద."

వాళ్లు ఊరికే ఇవ్వరని భానుమూర్తి మొత్తుకున్నాడు. అడిగి చూస్తే పోయేదేముంది అన్నారు గురువుగారు. ముగ్గురం ఆటోలో బైపాస్‌కు వెళ్లాం. గుమ్మంలో యూనిఫారం వేసుకున్నతను వంగి దణ్ణం పెట్టాడు. లోపల చలికి గురువుగారు కండువా నిండుగా కప్పుకుని, బిల్లులు కొట్టే అమ్మాయి దగ్గరికి వెళ్లి, ఇంటి పక్కవాళ్లను అడిగినంత మామూలుగా అడిగారు.

"అమ్మా, ఈయన నిన్న మీ దగ్గర ఫ్యాన్లు కొన్నారు. బిగించుకోవాలి. ఒక నిచ్చెన ఇప్పించు తల్లీ, సాయంత్రానికి తెచ్చిపెడతాం."

ఆ అమ్మాయి బిత్తరపోయి మేనేజరును పిలిచింది. అతను మర్యాదస్తుడే. "ల్యాడర్స్ ఆ చివర ఉన్నాయి సార్, ఆఫర్ కూడా నడుస్తోంది" అన్నాడు.

"కొనడానికి కాదు నాయనా. వాడుకుని ఇచ్చేస్తాం."

"అట్లా ఇచ్చే పద్ధతి లేదు సార్."

"మా భానుమూర్తిని ఎరుగుదువు కదా నువ్వు? నిన్న వచ్చాడు. ఎప్పుడూ ఇక్కడే కొంటాడట."

మేనేజరు భానుమూర్తి మొహంలోకి చూశాడు. గుర్తుపట్టలేదు. పాపం, గుర్తుపట్టాలనే చూశాడు. "మొబైల్ నంబరు చెప్పండి సార్, కొట్టి చూస్తాను" అన్నాడు.

భానుమూర్తి నంబరు చెప్పలేదు. గురువుగారు మేనేజరుకు నమస్కారం పెట్టి బయటికొచ్చేశారు. అతని మీద ఆయనకే కోపమూ లేదు, నాకూ లేదు. నా కోపమంతా ఆటోలో నా పక్కనే కూచుని ఉంది.

మేం తిరిగొచ్చేసరికి సుభానీ కొట్టు ముందు వీధివాళ్లు కొందరు గుమిగూడి ఉన్నారు. ఇంటాయన కొట్టును సెల్‌ఫోన్ల షాపుకు మాట్లాడేశాడట. ఆ కబురు అప్పుడే వీధిలో పొక్కింది. సుభానీ లోపల స్టూలెక్కి రంగు డబ్బాలు దింపుతున్నాడు. అంతమందిని చూసి, అయ్యో అనడానికి వచ్చారు కాబోలు అనుకున్నాను, నా పిచ్చిగానీ. అందరి తరఫునా రిటైర్డ్ హెడ్మాస్టరు వెంకటప్పయ్య గారు మాట్లాడుతున్నారు.

"నువ్వెటూ కొట్టు తీసేస్తన్నావు గదా సుభానీ. ఆ నిచ్చెన మోసకపోయి ఏం జేసుకుంటావు? వీధికి వదిలేసి పోరాదా. నీ పేరు చెప్పుకుంటాం."

ఈ పెద్దమనిషి అంతకు కొద్దిరోజుల ముందే ఇల్లంతా రంగులు వేయించుకున్నాడు. రంగులు బైపాస్‌లో కొన్నాడు, నిచ్చెన మాత్రం ఇక్కణ్ణించి తీసుకెళ్లాడు. వెనక నిలబడి తలలాడిస్తున్నవాళ్లంతా ఆ బాపతే. కొట్టు పోతోందని ఒక్కడి నోటా ఒక్క ముక్క రాలేదు, నిచ్చెన పోతుందన్న బెంగ మాత్రం అందరికీ పట్టుకుంది. మనిషన్నవాడికి కాస్తయినా సిగ్గుండొద్దా అని నేను నోరు తెరవబోతుండగా సుభానీ మమ్మల్ని చూశాడు.

"మీరు గూడా నిచ్చెనకేనా గురువుగారూ?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆదెయ్య గారి మొహం అంతగా కందిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "అందుకే నాయనా" అన్నారు. "సిగ్గు విడిచి అందరం అందుకే వచ్చాం."

వెంకటప్పయ్య గారు దగ్గి, పక్కకు తిరిగారు. సుభానీ స్టూలు దిగి, చేతులు గుడ్డకు తుడుచుకుని, నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. "పైమెట్టు ఊగుద్ది. కింద ఎవరన్నా గట్టిగా పట్టుకోవాల. నేనే వస్తా పదండి" అన్నాడు.

వచ్చాడు కూడా. ఎలక్ట్రీషియన్ పైకెక్కి బైపాస్ ఫ్యాన్లు ఒక్కొక్కటే బిగిస్తుంటే, సుభానీ కింద నిచ్చెన కాళ్లు పట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి తలెత్తి చూసి, "రాడ్లు నేను జెప్పినయ్యే తెచ్చావే" అన్నాడు భానుమూర్తితో. తిట్టలేదు. సుభానీ తిట్టకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. భానుమూర్తి చెమట తుడుచుకుంటూ గోడకేసి చూస్తున్నాడు.

పని అయ్యాక గురువుగారు అడిగారు. "సుభానీ, ఈ నిచ్చెన వీధికి వద్దు, భానుమూర్తికి ఇయ్యి. అతనింటి గోడకి పెట్టుకుంటాడు. నీ పద్ధతే. అద్దె లేదు, కాదనడం లేదు, ఎవరొచ్చినా ఇవ్వాలి."

"తీసుకోమనండి" అన్నాడు సుభానీ.

భానుమూర్తి గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. "అంతేనా గురువుగారూ, తప్పకుండా" అన్నాడు. ప్రశ్న సంగతి మరిచేపోయాడు. ఆ నెలాఖరుకు సుభానీ కొట్టు ఖాళీ చేసి, గుంటూరులో ఎవరిదో సిమెంటు గోడౌన్లో పనికి కుదిరాడని విన్నాం. మా వీధిలో ఇప్పుడు ఒక్క స్క్రూ కావాలంటే బైపాస్‌కు వెళ్లి అట్టకు అంటించిన ప్యాకెట్టు మొత్తం కొనుక్కోవాలి.

నిచ్చెన భానుమూర్తి ఇంటి గోడకు చేరింది. మొదట్లో అతనికి సరదాగానే ఉంది. తర్వాత పాలవాడికంటే ముందే నిచ్చెన కోసం తలుపు కొట్టేవాళ్లు మొదలయ్యారు. ఒకరు రంగు పూసి తెచ్చారు, ఒకరు మెట్టు విరగ్గొట్టి తాడు కట్టి పెట్టి చెప్పకుండా పోయారు. ఒక వానలో అది వీధి మధ్యనే తడిసింది. ఒక్కడూ మంచిదన్న పాపాన పోలేదు. ఇదంతా అతను నాకు చెప్పుకుని సణిగేవాడు. నేను వినేవాణ్ణి. జాలిపడ్డానని చెబితే అబద్ధమవుతుంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గురువుగారూ నేనూ హాల్లో ఫ్యాను కింద కూచుని ఉంటే భానుమూర్తి చెప్పులు కూడా సరిగా విడవకుండా లోపలికొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"చూశారా గురువుగారూ, ఆ వెంకటప్పయ్య చేసిన పని. నిచ్చెన కోసమని వచ్చి కూచున్నాడు. ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ కావాలన్నాడు. రెండు సాయంత్రాలండీ, నా పని మానుకుని కూచోబెట్టి చెప్పా. ఏ కంపెనీ సరిగా ఇస్తదో, ఏది చివర్లో పేచీ పెడతదో, వాళ్లావిడ షుగరుకి ఏది పనికొస్తదో, అన్నీ. ఇవాళ నిచ్చెన తెచ్చి గోడకి పెడతా అంటాడూ, నువ్వు చెప్పిందే ఫోన్లో కట్టేశానోయ్, అక్కడ తక్కువకొచ్చింది అని. రేపు ఆస్పత్రి పాలైతే కాస్త దగ్గరుండి చూసిపెట్టాలంట, అదీ నేనే. ఏ మొహం పెట్టుకుని అంటాడండీ ఆ మాట? మనిషేనా వాడు? మీరే చెప్పండి, ఇది పాపం కాదా?"

గురువుగారు అతన్ని కూచోమని సైగ చేసి, నా వైపు తిరిగి మంచినీళ్లు తెమ్మన్నారు. నేను లేచి, మూలనున్న నీలం బకెట్టు జరిపి, కుండలోంచి ముంచి తెచ్చాను. భానుమూర్తి గ్లాసు అందుకున్నాడు, తాగలేదు. జవాబు కోసం చూస్తున్నాడు.

ఆదెయ్య గారు ఆ మూలకే చూస్తూ, మెల్లగా అడిగారు.

"అతనికి బకెట్టేమన్నా ఇచ్చారటా?"